తాడు మీద రాసిన బరువు, తాడు మోయదగిన బరువు

తాడు చుట్టకు అంటించిన చీటీ మీద 1,000 కిలోలని ఉంటే, అది తాడు తెగిపోయే బరువా, నిశ్చింతగా వేలాడదీయదగిన బరువా అన్నది కొనేముందే అడిగి తెలుసుకోవాలి. తెగే బరువును కొత్త తాడును ముడి లేకుండా యంత్రం మీద నెమ్మదిగా లాగి కొలుస్తారు. బావిలోకి మోటారు దించే చోట ఆ పరిస్థితులేవీ ఉండవు. ముడి దగ్గర తాడు గట్టిగా వంగి, వంపు బయటి పోగుల మీదే లాగుడు ఎక్కువగా పడటం వల్ల, బలం మూడో వంతు నుంచి సగం దాకా తగ్గవచ్చు. నైలాన్ తడిస్తే ఇంకొంత బలం పోతుంది. ఎండకు పెళుసెక్కి, వేలితో రుద్దితే పొడి రాలే ప్లాస్టిక్ తాడును నేను బరువెత్తే పనికి ముట్టుకోను.

అన్నిటికన్నా భయపడవలసింది కుదుపుకు. మోటారు జారి అడుగు దూరం పడి ఆగినా, తాడు మీద పడే లాగుడు దాని బరువుకు ఎన్నో రెట్లు ఉంటుంది. అందుకే తెగే బరువును పనిని బట్టి సాధారణంగా 5 నుంచి 12 వరకు ఏదో ఒక అంకెతో భాగిస్తారు. 10తో భాగిస్తే ఆ 1,000 కిలోల తాడుకు దక్కేది 100 కిలోలే. 80 కిలోల మోటారుకు పైపుల బరువు, వాటిలో నిలిచిన నీటి బరువు కలిపితే అది చాలకపోవచ్చు. ఇక మనిషి దిగే పనికి ఈ తాళ్లను అసలు వాడకూడదు. అందుకోసమే ప్రత్యేకంగా తయారైన తాడు, ఒంటికి బిగించుకునే పట్టీలు ఉండి తీరాలి.