లీవర్ రాలేదంటే దానికో కారణం ఉంటుంది – సిగ్నల్ కేబిన్‌లో నా అనుభవం

సబర్బన్ రైల్వే లైన్‌లో ఒక పాత లీవర్ కేబిన్‌లో (లీవర్లు లాగి సిగ్నల్స్, పట్టాలు మార్చే గది) ఒంటరిగా డ్యూటీ చేసే స్థాయికి ఎలా వచ్చానో రాస్తున్నా. ఇప్పుడు చాలాచోట్ల స్క్రీన్‌లు వచ్చేశాయి, ఇనప లీవర్లతో బండ్లు నడిపిన పద్ధతి చెప్పేవాళ్లు తగ్గిపోతున్నారు.

మొదట్లో నన్ను లీవర్ ముట్టుకోనివ్వలేదు, రిజిస్టర్ రాయమన్నారు అంతే. ప్రతి బెల్లూ ఏ నిమిషానికి వచ్చిందో రాయాలి. విసుగొచ్చేది కానీ అలా రాస్తూ రాస్తూనే వరస బుర్రలోకి ఎక్కింది. వెనక కేబిన్ వాళ్లు బెల్ కొట్టి లైన్ క్లియర్ (బండి పంపడానికి అనుమతి) అడుగుతారు, ముందెళ్లిన బండి పూర్తిగా దాటిపోయిందని చూసుకుని బ్లాక్ ఇన్‌స్ట్రుమెంట్ (రెండు కేబిన్ల మధ్య లైన్ ఎలా ఉందో చూపే పరికరం) ముల్లు లైన్ క్లియర్‌కి తిప్పితేనే వాళ్ల స్టార్టర్ (బండిని బయల్దేరనిచ్చే సిగ్నల్) లీవర్ వస్తుంది, బండి బయల్దేరగానే ఇంకో బెల్, ముల్లు ట్రెయిన్ ఆన్ లైన్‌కి. ఈలోపే నేను నా ముందు కేబిన్‌ని అడిగేసి ఉండాలి, లేదంటే బండి నా హోమ్ సిగ్నల్ (వచ్చే బండిని లోపలికి రానిచ్చేది) దగ్గర ఆగిపోతుంది, దాని వెనక ఇంకోటి. అప్ లైన్ బెల్ ఒక రకంగా, డౌన్ లైన్ బెల్ ఇంకో రకంగా మోగేవి. కొన్నాళ్లకి చూడకుండానే ఎవరు పిలుస్తున్నారో తెలిసిపోయేది.

తర్వాత లీవర్లు. ఎరుపు రంగువి ఆపే సిగ్నల్స్, పసుపు డిస్టెంట్ (ముందున్న సిగ్నల్ ఎలా ఉందో దూరం నుంచే చెప్పేది), నలుపు పాయింట్లు (బండిని ఒక లైన్ నుంచి ఇంకో లైన్‌కి మళ్లించే పట్టాలు), నీలం ఆ పాయింట్లు కదలకుండా పట్టే లాక్‌లు. చేతి చెమటకి పిడి తుప్పు పట్టకుండా గుడ్డతో పట్టుకునే లాగాలి. దూరపు సిగ్నల్‌కి తీగ చాలా పొడుగు కదా, ఒళ్లంతా వెనక్కి వాల్చి లాగాల్సిందే, ఎండకి తీగ సాగితే బిగించుకోవాలి కూడా.

నాకు బాగా కష్టమైంది బండి మా దగ్గరే తిరిగి వెనక్కెళ్లే పని. అప్ ప్లాట్‌ఫామ్ మీదున్న బండి క్రాసోవర్ (రెండు లైన్లని కలిపే పట్టాలు) మీదుగా డౌన్ లైన్‌కి రావాలి. ముందు నలుపు లీవర్, తర్వాత నీలం, చివర్లో సిగ్నల్. ఒకరోజు సాయంత్రం రద్దీలో నలుపు లీవర్ ఎంత లాగినా రాలేదు. ఇంకా బలంగా లాగబోతుంటే మా సీనియర్ గారు "ఆగు బాబూ, లీవర్‌తో కుస్తీ వద్దు, అదేం చెప్తోందో చూడు" అన్నారు. చూస్తే డౌన్ హోమ్ సిగ్నల్ ఇంకా దించే ఉంది, అంటే బండి రావచ్చని చూపిస్తోంది, అంతకుముందు బండి వెళ్లాక నేను దాన్ని వెనక్కి పెట్టలేదు. ఆ సిగ్నల్ దించి ఉన్నంతసేపూ దాని దారికి అడ్డంగా పాయింట్లు తిప్పనివ్వకుండా కింద ఇనప పట్టీలు పట్టేసుకుంటాయి. దీన్నే ఇంటర్‌లాకింగ్ అంటారు, 1856లో జాన్ శాక్స్‌బీ దీనికి పేటెంట్ తీసుకున్నాడు. ఆ సాయంత్రం ఆ పట్టీలే లేకపోతే ఏమయ్యేదో తల్చుకుంటే నాకు ఇప్పటికీ చేతులు చల్లబడతాయి.

కానీ ఇంటర్‌లాకింగ్‌కి బండి పూర్తిగా వచ్చిందో లేదో తెలీదు. ట్రాక్ సర్క్యూట్ (పట్టాల మీద బండి ఉందో లేదో కరెంటుతో కనిపెట్టే ఏర్పాటు) లేని చోట అది మన కళ్లే చూడాలి, ఆఖరి పెట్టె వెనక దీపం చూశాకే సెక్షన్ (రెండు కేబిన్ల మధ్య లైన్) ఖాళీ అని బెల్ కొట్టాలి. 1889లో ఐర్లండ్‌లో అర్మా దగ్గర విడదీసిన పెట్టెలు వాలు మీద వెనక్కి జారి, వెనకొస్తున్న బండిని గుద్దాయి, పదుల మంది చనిపోయారు. అక్కడ బండికీ బండికీ మధ్య నిమిషాలు మాత్రమే లెక్కపెట్టి పంపేవాళ్లు. ఆ ఏడాదే బ్రిటన్‌లో బ్లాక్ పద్ధతి (ఒక సెక్షన్‌లో ఒకసారికి ఒకే బండి), ఇంటర్‌లాకింగ్ చట్టంలోకి వచ్చాయి.

టెస్ట్‌లో ఇన్‌స్పెక్టర్ గారు అడిగింది కూడా అదే, "దీపం కనపడలేదు, ఏం చేస్తావ్?" గుక్క తిప్పుకోకుండా చెప్పా. పాసయ్యా.

ఒంటరి డ్యూటీలో కొన్నాళ్లకే ఒక రాత్రి నిజంగానే దీపం లేకుండా బండి దాటిపోయింది. వెనక కేబిన్‌కి క్లియర్ ఇవ్వలేదు, ముందు కేబిన్‌కి బెల్ కొట్టి బండి ఆపించా, ఎదురు లైన్ బండిని కూడా పట్టేశా. పెట్టెలన్నీ సరిగ్గా ఉన్నాయి, దీపం మాత్రం ఆరిపోయిందని కబురొచ్చాక ముల్లు లైన్ క్లోజ్డ్‌కి తిప్పి, రిజిస్టర్‌లో టైమ్ రాసి, ఆగిన బండికి సిగ్నల్ దించా.