కుడి కాలు వదలనంటోంది

పొద్దున్నే గోల్ఫ్ ప్రాక్టీస్ చేసే రేంజ్‌కి వెళ్ళాను. దూరం రాసిన బోర్డుల వైపు చూడకూడదని ముందే గట్టిగా అనుకున్నాను. ఈరోజు పనంతా పాదాలది. క్లబ్‌ని, అంటే బంతిని కొట్టే కర్రని, వెనక్కి ఎత్తే బ్యాక్‌స్వింగ్‌లో కుడి పాదం మీదికి వెళ్ళిన బరువు ఎడమ పాదం మీదికి ఎప్పుడు వస్తోంది, అసలు వస్తోందా లేదా, అదొక్కటే చూసుకోవాలి. నాది కుడిచేతి వాటం. ఎడమచేతి వాటం వాళ్ళు ఇదంతా తిరగేసి చదువుకోవాలి.

కోచ్ పోయినసారి ఒకే ఒక్క మాట చెప్పి వదిలేశారు. "మీ బరువు మారుతోందండీ, కానీ ఆలస్యంగా మారుతోంది." అప్పటినుంచీ ఈ మాట బుర్రలో తిరుగుతూనే ఉంది. బరువు మార్చాలని ఆటలోకి వచ్చిన మొదటి వారంలోనే అందరికీ చెబుతారు. ఎప్పుడు మార్చాలో మాత్రం ఎవరూ చెప్పరు. క్లబ్ పైదాకా వెళ్ళాలి, అక్కడ ఒక క్షణం ఆగాలి, అప్పుడు బరువు ఎడమకి రావాలి అనే బొమ్మే చాలామంది మనసుల్లో ఉంటుంది. మంచి ఆటగాళ్ళని, పాదాల కింద ఒత్తిడిని కొలిచే ఫోర్స్ ప్లేట్ల మీద నిలబెట్టి కొలిస్తే కనిపించేది వేరు. క్లబ్ వెనక్కి కదిలిన తొలి భాగంలోనే కుడి పాదం కింద ఒత్తిడి పెరిగిపోతుంది. ఎడమ చెయ్యి నేలకి సమాంతరంగా వచ్చేసరికి అది దాదాపు గరిష్ఠానికి చేరుతుంది. ఆ తర్వాత చేతులు ఇంకా పైకి వెళ్తూనే ఉంటాయి, కాళ్ళు మాత్రం అప్పటికే ఎడమవైపు బయల్దేరతాయి. అంటే కాసేపు పై శరీరం ఒక దిక్కుకీ, కింది శరీరం ఇంకో దిక్కుకీ వెళ్తుంటాయన్నమాట.

అలా ఎందుకు జరగాలో ఆలోచిస్తే లెక్క తేలిగ్గానే తేలుతుంది. పైనుంచి బంతి దాకా క్లబ్ దిగి రావడానికి పట్టేది సుమారు పావు సెకను. పైదాకా వెళ్ళాక బరువు మార్చడం మొదలుపెడితే, అది పూర్తయ్యేలోపే బంతి వెళ్ళిపోతుంది. స్వింగ్ ముగిసే ఫినిష్‌లో ఫొటో తీస్తే మాత్రం ఎడమ కాలి మీద ఠీవిగా నిలబడే ఉంటాం. ఫొటో బాగుంటుంది, షాట్ బాగుండదు. కోచ్ ఆలస్యం అన్నది దీన్నే.

అందుకని స్టెప్ డ్రిల్‌తో మొదలుపెట్టాను. పాదాలు రెండూ దగ్గరగా పెట్టి నిలబడాలి. క్లబ్‌ని వెనక్కి తీసుకెళ్ళాలి. అది ఇంకా పైకి వెళ్తుండగానే ఎడమ కాలు ఎత్తి, లక్ష్యం వైపు ఒక అడుగు వేసి, అప్పుడు కొట్టాలి. రాయి విసిరేటప్పుడు ఇదంతా ఎవరూ నేర్పకుండానే చేస్తాం. చెయ్యి ఇంకా వెనకే ఉంటుంది, ముందు కాలు అప్పటికే నేల మీద పడుతుంది. చేతికి క్లబ్ ఇచ్చి, ఎదురుగా కదలని బంతిని పెట్టేసరికి ఆ సహజమైన వరస ఎక్కడికి పోతుందో తెలీదు.

మొదట బంతి లేకుండా, తర్వాత సగం వేగంతో బంతి పెట్టి చేశాను. పక్క బేలో, అంటే పక్కన బంతులు కొట్టే చోట, ఉన్న పెద్దాయన కాసేపు చూసి, "ఏవండీ, బంతిని కొట్టకముందే నడిచి వెళ్ళిపోతున్నారేంటి?" అన్నారు. గ్యారీ ప్లేయర్ కొట్టాక నడిచేవాడు, నేను ముందే నడుస్తున్నానండీ అన్నాను. ఆయన నవ్వారు. ప్లేయర్ దక్షిణాఫ్రికా గోల్ఫర్, షాట్ కొట్టిన ఊపులోనే కుడి కాలితో ముందుకి అడుగు వేసేసేవాడు. కుడి కాలి మీద బరువు మిగిలి ఉంటే ఆ అడుగు పడదు, కాబట్టి అలవాటుగా కనిపించే ఆ నడక నిజానికి మంచి పరీక్ష. తొమ్మిది మేజర్లు, అంటే అన్నిటికన్నా పెద్ద టోర్నమెంట్లు, గెలిచిన మనిషి నడకని నవ్వులాటగా తీసుకోకూడదు.

పెద్దాయన వెళ్తూ వెళ్తూ అందరూ చెప్పే సలహానే ఇచ్చారు. "తల మాత్రం కదపకండి." ఈ సలహా మీద నాకు కొంచెం పేచీ ఉంది. తలని మేకు కొట్టినట్టు బిగించేసి తిరగబోతే, చాలామందికి బ్యాక్‌స్వింగ్‌లో ఒళ్ళు ఎడమవైపు వంగుతుంది, దిగేటప్పుడు ఆ బరువు కుడివైపు పడిపోతుంది. రివర్స్ పివట్ అనేది ఇదే. జరగాల్సినదానికి ఇది సరిగ్గా తలకిందులు. బ్యాక్‌స్వింగ్‌లో తల కాస్త కుడికి జరిగినా కొంపేం మునగదు. చూసుకోవాల్సింది తుంటిని. అది కుడివైపు జారిపోకూడదు, అక్కడే తిరగాలి. ఒత్తిడి కుడి పాదం లోపలి అంచు మీద, కొంచెం మడమ వైపు తెలియాలి. పాదం బయటి అంచు మీదికి పోయిందంటే ఇక సమయానికి వెనక్కి రావడం కల్ల. నేను కుడి తుంటికి బెత్తెడు దూరంలో అలైన్‌మెంట్ స్టిక్ (గురి సరిచూసుకునే సన్నటి పుల్ల) ఒకటి గుచ్చి పెట్టుకున్నాను. అది తగిలితే జారినట్టు, తగలకపోతే తిరిగినట్టు. ఇంతకంటే నిజాయితీ గల కోచ్ దొరకడు.

ఒత్తిడి మారడం, ఒళ్ళు జరగడం ఒకటి కావన్నది ఈ డ్రిల్‌లోనే బాగా ఒంటికి పట్టింది. ఒళ్ళు ఎడమకి కదలాలంటే కుడి పాదం నేలని అవతలి వైపుకి తొయ్యాలి. న్యూటన్ మూడో సూత్రం గోల్ఫ్ బూట్లకి కూడా వర్తిస్తుంది. ముందు కుడి పాదం మీద ఒత్తిడి పెరగాలనేది అందుకే, తొయ్యడానికి అక్కడ పట్టు దొరకాలి. ఆ తర్వాత ఎడమ కాలు బరువు అందుకుని, మోకాలు నిటారుగా చేస్తూ నేలని కిందికి తొక్కుతుంది. ఆ తొక్కుడుకి ఎడమ తుంటి వెనక్కి తిరిగి, క్లబ్‌కి దారి ఇస్తుంది. అమెరికన్ గోల్ఫర్ జస్టిన్ థామస్ డ్రైవర్ (ఎక్కువ దూరానికి వాడే పొడవాటి క్లబ్) కొట్టేటప్పుడు ఇంపాక్ట్ దగ్గర, అంటే క్లబ్ బంతికి తగిలే క్షణంలో, మడమలు గాల్లో ఉంటాయి. ఆ తొక్కుడు ఎంత బలంగా ఉంటుందో దాన్నిబట్టే తెలుస్తుంది. మనం అంత దూరం పోనక్కర్లేదు.

ఆట ఎలా ఉందో చెప్పడానికి బంతి వెనక ఒక తువ్వాలు మడిచి పెట్టాను, క్లబ్ తల పొడవంత దూరంలో. రేంజ్‌లో మ్యాట్‌ని నమ్మలేం. క్లబ్ బంతి కంటే ముందే నేలకి తగిలినా మ్యాట్ మీద జారుకుంటూ వెళ్ళి బంతిని అందుకుంటుంది, షాట్ బాగానే పోయినట్టు అనిపిస్తుంది. గడ్డి అంత దయ చూపించదు. బరువు కుడి కాలి మీదే ఉండిపోతే స్వింగ్ అడుగు భాగం బంతికి వెనకే వస్తుంది. అక్కడ నేల తవ్వితే ఫ్యాట్ షాట్. నేల తగలకుండా తప్పించుకుని, పైకి లేస్తూ బంతి నడుముకి తగిలితే థిన్ షాట్. బంతి వ్యాసం 42.67 మిల్లీమీటర్లకి తగ్గకూడదని నియమం. అంటే దాని నడుము నేలకి రెండు సెంటీమీటర్ల పైన ఉంటుంది. తప్పు ఒకటే, పేర్లు రెండు. ఐరన్ అనే రకం క్లబ్‌తో ముందు బంతి, ఆ తర్వాతే నేల. డివోట్, అంటే క్లబ్ గడ్డిని తవ్విన గుంట, బంతి ఉన్నచోటికి ముందు, లక్ష్యం వైపు పడాలి.

కుడి కాలు ఎందుకు వదలదో కూడా ఈరోజు కొంత తెలిసింది. బంతిని పైకి లేపాలనే కోరికే దాన్ని అక్కడ పట్టి ఉంచుతోంది. ఏడో నంబరు ఐరన్ ముఖానికి దాదాపు 30 డిగ్రీల లోఫ్ట్, అంటే వెనక్కి వాలు, ఉంటుంది. లేపే పని దానిది. మనం వెనక్కి వాలి సాయం చెయ్యబోతే దాని పని చెడుతుంది. ఎదురుగా నీళ్ళో బంకరో (ఇసుక గుంట) ఉంటే ఈ వాలడం ఇంకా ఎక్కువవుతుంది, టెన్షన్ అంతా కుడి కాల్లోకే దిగుతుంది.

మధ్యలో అమెరికన్ గోల్ఫర్ జాక్ నిక్లాస్ పద్ధతి కూడా ప్రయత్నించాను. ఆయన బ్యాక్‌స్వింగ్‌లో ఎడమ మడమని నేల నుంచి లేవనిచ్చేవాడు, దాన్ని మళ్ళీ నేలకి ఆనించడంతోనే డౌన్‌స్వింగ్, అంటే క్లబ్ కిందికి దిగడం, మొదలయ్యేది. నడుము బిగుసుకుపోయినవాళ్ళకి ఇది వరమనిపించింది. తుంటి సులువుగా తిరుగుతుంది, పైగా "ఇప్పుడు" అని చెప్పే గుర్తు పాదం కిందే ఉంటుంది. స్టెప్ డ్రిల్‌కీ దీనికీ తేడా అడుగు సైజులోనే. కోర్సులో అడుగు వేసి కొట్టలేను కాబట్టి, ఇక మీదట ఈ మడమనే పట్టుకుంటాను.

ఫోన్‌లో స్లో మోషన్ తీసి చూసుకుంటే ఒక వింత కనిపించింది. మరీ తొందరగా, క్లబ్ నడుము దాకా రాకముందే మడమ ఆనించేస్తున్నానని నాకు అనిపించినవాటిల్లో, నిజానికి మడమ సరైన సమయానికే దిగుతోంది. సరిగ్గా చేశాననిపించినవన్నీ ఆలస్యమే. అంటే చాలా ముందే మొదలుపెట్టినట్టు అనిపించేదాకా మొదలుపెట్టాలి.

డ్రైవర్ మాత్రం చివర్లో తీశాను, అంత బాగా సాగలేదు. బంతి టీ అనే చిన్న మేకు మీద, ఎడమ మడమకి ఎదురుగా ఉంటుంది. క్లబ్ పైకి లేస్తూ బంతిని అందుకోవాలి, అందుకని తల బంతికి వెనకే ఉండాలి. కానీ ఒత్తిడి మాత్రం ఇక్కడ కూడా ఎడమకి రావాల్సిందే. ఐరన్‌తో వచ్చిన ఊపులో ఒళ్ళంతా ఎడమకి జారిపోయి, తల బంతిని దాటేసింది. బంతులు కుడివైపు వంకర తిరిగి తక్కువ ఎత్తులో పోయాయి. తుంటి కొంచెం ఎడమకి వెళ్ళాక ఆగి తిరగాలి, తల వెనకే ఉండాలి, ఇవి రెండూ పావు సెకనులో. దీనికి వేరే రోజు కావాలి.

బరువును మొదటి నుంచీ ఎడమ కాలి మీదే ఉంచమనే స్టాక్ అండ్ టిల్ట్ పద్ధతి కూడా ఒకటుంది. మార్చడమే లేకపోతే ఆలస్యమూ ఉండదుగా అనిపించింది ఒక దశలో. ఇంపాక్ట్‌లో ఎడమ కాలే మోయాలన్న విషయంలో దానికీ మిగతా వాళ్ళకీ గొడవ లేదు. అయినా నాకు కాలితో తోసి కొట్టడంలో ఉన్న సుఖం వదులుకోవాలని లేదు.

సాయంత్రం బరువు చూసుకునే మిషన్లు రెండు పక్కపక్కన పెట్టి, ఒక్కో పాదం ఒక్కోదాని మీద పెట్టి నిలబడ్డాను. స్వింగ్ వేగాన్ని అవి పట్టుకోలేవు, భంగిమలో ఆగి చూసుకోవడానికి పనికొస్తాయి. ఇంపాక్ట్ భంగిమలో 80 శాతం ఎడమ పాదం మీద పెట్టాలంటే, 70 కిలోల మనిషికి ఆ మిషన్ 56 చూపించాలి. బాగా ఎడమకి వచ్చేశానని నమ్మకంగా ఆగి కిందికి చూస్తే, అది ఇంకా నలభైల్లోనే ఉంది. రేపటి నుంచి పడుకునే ముందు దీని మీద కాసేపు నిలబడాలి, కిందికి చూడకుండా అంకె చెప్పగలిగేదాకా.