ఎర్రటి పొడి

నా బైకు వెనక సస్పెన్షన్ లింకు బోల్టు ఎంత కొట్టినా కదల్లేదు. గంట తర్వాత ఊడొచ్చింది. లోపల బేరింగులో చుక్క గ్రీజు లేదు, అంతా ఎర్రటి తుప్పు పొడి. చేతికి అంటిన ఆ పొడి చూసి మనసు చివుక్కుమంది.

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ వచ్చాక సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ట్రయల్స్ బండి ఇది, అంటే రాళ్లూ వాగుల మీద కాలు కింద పెట్టకుండా నడిపే పోటీల బైకు. కూర్చోవడానికి సీటు ఉండదు. ట్యాంకులో 3 లీటర్లు కూడా పట్టవు. బరువు 70 కిలోల చిల్లర, అంతే. ఇప్పటి బుల్లెట్ 350 అయితే 195 కిలోలు! పోయిన ఆదివారం బండరాళ్ల మధ్య ఇరుక్కుంటే నేనొక్కడినే ఎత్తి బయటికి లాగాను.

ఆ తేలిక ఊరికే రాలేదు. పల్చటి పైపుల ఫ్రేము, మెగ్నీషియం కవర్లు, చిన్న చిన్న బేరింగులు. వీటిని నాసిరకం అంటే నేను ఒప్పుకోను. వాగులో, బురదలో తిప్పి, ప్రెషర్ వాషర్‌తో కడిగి, గ్రీజు పెట్టకుండా మూలన పడేస్తే ఏ లోహం తట్టుకుంటుంది?

1952లో జానీ బ్రిటన్ అనే రైడరు, స్కాట్లాండ్‌లో ఆరు రోజులు జరిగే ట్రయల్స్ పోటీ స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్ గెలిచింది రాయల్ ఎన్‌ఫీల్డ్ మీద. అంత బరువుతో ఆరు రోజులు ఆ రాళ్ల మీద ఎలా నడిపాడో!

ఎయిర్ ఫిల్టర్ ఫోమ్ కడిగి, ఆరబెట్టి, ఆయిల్ పట్టించాను. కొత్త బేరింగులు శనివారం వస్తాయి. అప్పటిదాకా బండి స్టాండు మీదే.