మట్టి బొమ్మకు ‘ఓకే’ తెచ్చుకోవడం: నా అనుభవం

కంచు పోయడానికి ముందు చేసే మట్టి నమూనాకు ఒప్పుకుంటూ నిన్న సాయంత్రం విగ్రహ కమిటీ వాళ్ళు సంతకాలు పెట్టారు. కోపం ఇంకా చల్లారలేదు. ఊరి చౌరస్తాకు కంచు విగ్రహం ఒప్పుకున్న తోటి శిల్పులకు పనికొస్తుందని ఇప్పుడే రాస్తున్నాను.

విగ్రహం నల్గొండ దగ్గరి ఒక ఊళ్ళో సాయుధ పోరాటం చేసిన అవ్వది. ఆర్డర్ సులువుగానే వచ్చింది. ఇనుప చువ్వలతో ఆర్మేచర్, అంటే మట్టిని లోపలి నుంచి మోసే చట్రం, కట్టడం, చెరువు బంకమట్టి నానబెట్టి తొక్కడం, ఒళ్ళు నిలబెట్టడం అన్నీ సాఫీగా అయిపోయాయి. ఆమె ఫొటోలన్నీ ఎదురుగా తీసినవే. పక్క నుంచి ముఖం ఎలా ఉండేదో తెలియక ఆమె బిడ్డను కూర్చోబెట్టుకుని దవడ, చెవి, ముక్కు వంపు చూసి చేశాను.

నాకు ఈ పిచ్చి చిన్నప్పుడు పానగల్లు పచ్చల సోమేశ్వరాలయం గోడల దగ్గర పట్టింది. మాసాబ్ ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో మా సార్ ముఖం జోలికి పోనివ్వకుండా ముందు పుర్రె చేయించారు. ఆ తర్వాత మద్రాసు మెరీనాలో దేవీప్రసాద్ రాయ్ చౌధురి ‘శ్రామిక విజయం’ చూశాను. 1959లో నిలబెట్టిన విగ్రహం అది. బండను కదిలిస్తున్న ఆ నలుగురి వెనక్కి వెళ్ళి పిక్కలు, వీపులు చూడండి, బరువెంతో తెలుస్తుంది. మనిషిని ఉన్నది ఉన్నట్టు చేయడమే నా పని అని అక్కడే నిర్ణయించుకున్నాను.

ఇక నమూనా చూడ్డానికి వచ్చిన రోజు సంగతి. కమిటీతో పాటు ఒక ఆఫీసరు వచ్చాడు. వస్తూనే జేబులో పెన్ను తీసి అవ్వ చెంప మీద పొడిచి, “ఈ ముడతలెందుకయ్యా? జర వయసు తగ్గించు. తెల్లగ, నున్నగ ఉండాలె” అన్నాడు. ఆ గాటు చూస్తే కడుపు మండింది. తర్వాత, “కండ్లల్ల గుంతలేంది?” అని అందరి ముందూ నవ్వాడు. చివరికి, “ఫొటో ఇస్తే మిషనే చేసిస్తది గదా, నీకిన్ని పైసలెందుకు?” అన్నాడు. పెద్దమనుషులు ఒక్కరూ నోరు మెదపలేదు. మళ్ళీ వస్తామని వెళ్ళిపోయారు.

వాళ్ళు తిరిగొచ్చేదాకా మట్టిని బతికించుకోవాల్సింది నేనే. నల్గొండ ఎండాకాలంలో తడిగుడ్డలు ఎన్ని చుట్టినా, మీద ప్లాస్టిక్ కవర్ కప్పినా మెడ దగ్గర పగుళ్ళు వచ్చేవి. రాత్రిళ్ళు లేచి నీళ్ళు చల్లేవాణ్ణి. ఆ కష్టానికి ఏ ఎస్టిమేట్‌లోనూ లెక్క ఉండదు.

కంచులో కంటికి నలుపు, తెలుపు రంగులుండవు. నల్లగుడ్డు ఉండే చోట లోతుగా తవ్వితే అందులో పడే నీడే నలుపవుతుంది. పై అంచున మట్టి పలుకు ఒకటి వదిలితే వెలుతురు దాని మీద పడి చూపు వస్తుంది. ఇది నోటితో చెబితే ఎక్కదని, వాళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు ఒక కన్ను పూడ్చేసి, రెండోది అలాగే ఉంచి, అందరినీ ఇరవై అడుగులు వెనక్కి నడిపించాను. పూడ్చిన కన్ను గుడ్డిదానిలా కనిపించింది. కళ్ళ మాట అక్కడితో ఆగింది. ముడతల సంగతి అవ్వ బిడ్డే తేల్చింది: “మా అమ్మ గిట్లనే ఉండె. ముడతలు తీసేస్తే ఇంకెవరో అయితది సారూ.”

మిషన్ అన్నందుకు మాత్రం నేను ఊరుకోలేదు. 1877లో ఫ్రెంచ్ శిల్పి రోదాన్ అంతటివాడినే, బతికున్న మనిషి మీద అచ్చు తీసి ‘కంచు యుగం’ విగ్రహం చేశావని నిందించారు. పాపం ఆయన మోడల్ ఫొటోలు తీయించి రుజువు చూపించుకోవాల్సి వచ్చింది. నేను ఆర్మేచర్ కట్టిన నాటి నుంచి రోజూ ఫోన్లో తీసిన ఫొటోలన్నీ ఆ ఆఫీసరు ముందు పెట్టాను. చూసి సంతకం పెట్టాడు, సారీ మాత్రం చెప్పలేదు.

మీరూ రోజూ ఫొటోలు తీసుకోండి. నమూనా చూడ్డానికి ఎన్ని రోజుల్లో రావాలో అగ్రిమెంట్‌లోనే రాయించుకోండి. చూసేవాళ్ళలో ఇంటివాళ్ళు ఒకరు ఉండాలని పట్టుబట్టండి. నాలుగు వైపులా ఫొటోలు ప్రింట్ తీయించి, వాటి వెనక తేదీతో సంతకాలు పెట్టించుకోకుండా మట్టి మీద ప్లాస్టర్ మోల్డ్ (అచ్చు) తీయడం మొదలుపెట్టొద్దు. ఆ అచ్చులో మైనం పోశాక “ముక్కు మార్చు” అంటే ఖర్చు మన నెత్తినే పడుతుంది. నా దగ్గర సంతకాలున్నాయి, రేపు పొద్దున్నే ప్లాస్టర్ కలుపుతున్నాను.