ఇద్దరాడే ఆటలో మూడో మనిషి

మొగుడు పట్టించుకోడంటే చెప్పుకోవచ్చు. కొడుకు మాట వినడంటే చెప్పుకోవచ్చు. ఇద్దరూ బుద్ధిమంతులే, ఒకరంటే ఒకరికి ప్రాణం, వాళ్ళ మధ్య నాకే చోటు లేదంటే మాత్రం వినేవాళ్ళు నవ్వుతారు. మా ఆడపడుచు నవ్వనే నవ్వింది. "అదృష్టవంతురాలివి వదినా, మా ఇంట్లో ఆయనకు పిల్ల ఏ క్లాసో కూడా తెలీదు" అంది. వాళ్ళాయనకు తెలీకపోతే నా బాధ ఎలా తగ్గుతుందో ఆవిడే చెప్పాలి.

మాది నెల్లూరు. పెళ్ళయ్యాక చెన్నై వచ్చాను, వెస్ట్ మాంబళంలో ఉంటాం. మా ఆయన పుట్టిపెరిగింది ఇక్కడే. లాక్‌డౌన్‌లో పొద్దుపోక మావాడికి చెస్ నేర్పారు. 2022లో మహాబలిపురంలో ఒలింపియాడ్ జరిగినప్పుడు ఊరంతా పంచె కట్టిన గుర్రం బొమ్మలు, నేపియర్ బ్రిడ్జికి చదరంగం గళ్ళలా నలుపు తెలుపు రంగులు. ఆ బ్రిడ్జి చూడ్డానికి తండ్రీ కొడుకులు బైక్ మీద వెళ్ళారు. బైక్ మీద ఇద్దరే పడతారు కదా. నేను ఆ రంగులు ఫోన్లో చూశాను. అదే మొదలు.

ఆ తర్వాత అన్నం దగ్గర కూడా అదే గోల. సిసీలియన్ అట, ఫలానా బిషప్‌ను ముందే మార్చేయాల్సిందట. మధ్యలో తమిళం. "సూపర్ డా" అని ఈయన, "పోంగప్పా" అని వాడు. నేను పప్పు గిన్నె పట్టుకుని "ఏంట్రా?" అంటే, "ఏం లేదులేమ్మా, నీకర్థం కాదు". ఆ మాట వాడు కసురుకుంటూ అని ఉంటే ఒకటిచ్చేదాన్ని. చాలా ప్రేమగా అంటాడు, అదే వచ్చిన చిక్కు.

ఇక పాయసం సంగతి. రెండేళ్ళు కావస్తున్నా తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

2024 మార్చి ఒకటి, శుక్రవారం. స్కూల్ నుంచి వస్తూనే ఫోన్ చూసుకుని వాడు వాళ్ళ నాన్నకు ఫోన్ చేసి, "నాన్నా, వచ్చేసింది, 1520!" అని అరిచాడు. అంతకు ముందు వాడి రేటింగ్, అదే ఆటలో స్థాయిని చెప్పే అంకె, 1200 అని నాకు తెలుసు. అదొక్కటే తెలుసు! ఒక్కసారిగా 320 పాయింట్లు పెరిగితే తల్లి ఏం చేస్తుంది? జీడిపప్పు నేతిలో వేయించి సేమియా పాయసం చేశాను. ఊరుకున్నానా, ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. నెల్లూరు నుంచి మా అన్నయ్య ఫోన్ చేసి, "అమ్మాయ్, నాకు తెలిసిన విలేఖరి ఒకాయన ఉన్నాడు, పేపర్లో వేయించమంటావా?" అన్నాడు. ఫోటో కూడా పంపించాను, కప్పు పట్టుకున్నది.

సాయంత్రం ఆయన వచ్చారు. గిన్నెల్లో పోసి పెట్టాను. "దేనికివాళ?" అన్నారు. "వాడి రేటింగ్‌కి" అన్నాను. తండ్రీ కొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన పెదవి కొరుక్కుని ఆపుకోబోయారు. వాడు ఆపుకోలేకపోయాడు, పాయసం ముక్కులోకి ఎక్కి దగ్గు. "అమ్మా... అందరికీ పెరిగింది!"

సంగతేంటంటే, ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే ఆ రోజు నుంచి రేటింగ్ లెక్క సవరించింది. కనీస రేటింగ్ 1000 నుంచి 1400 చేసి, 2000 లోపు ఉన్నవాళ్ళకు, 2000కి ఎంత తక్కువుంటే అందులో నలభై శాతం ఒకేసారి కలిపింది. మావాడికి 800 తక్కువ, కాబట్టి 320 కలిసింది. పరీక్షలో హాలు మొత్తానికీ గ్రేస్ మార్కులు వేసినట్టన్నమాట. వీళ్ళిద్దరికీ ఇది ఎప్పట్నుంచో తెలుసు. లెక్కలేసుకుని, ఎంతొస్తుందో కాగితం మీద రాసుకుని మరీ ఎదురుచూస్తున్నారు. ఆ కాగితం ఫ్రిజ్ మీదే ఉంది. రోజూ దాని మీద పడ్డ పాల చుక్కలు తుడిచింది నేను.

గ్రూపులో మెసేజ్ తీసేద్దామని చూస్తే అప్పటికే అందరూ దండాలు, చప్పట్లు, పూలగుత్తులు. అన్నయ్యకు ఫోన్ చేసి విలేఖరి వద్దని చెప్పడం ఇంకో నరకం. అక్కడితో పోయిందా? "పాయసం" అన్నది వాళ్ళకో కోడ్ అయింది. ఆటలో ఎవడైనా గెలవకముందే సంబరపడితే తండ్రి "పాయసం" అంటారు, కొడుకు పడీపడీ నవ్వుతాడు. నా వంట మీద, నా ఎదురుగా.

తర్వాత నేను చేసినవి గబగబా చెప్పేస్తాను. ఫోన్లో యాప్ పెట్టుకుని ఆట నేర్చుకున్నాను. గుర్రం నడక వచ్చింది, వాళ్ళ మాటలు మాత్రం అర్థం కాలేదు. ఆట నేర్చుకుంటే కలిసిపోతామని ఎవరైనా చెబితే నమ్మకండి. స్కూల్లో కౌన్సెలర్‌ను కలిస్తే, "మీకంటూ ఒక హాబీ పెట్టుకోండి" అంది, గడియారం చూసుకుంటూ. నాకు హాబీ లేదని ఎవరన్నారు? నా ముగ్గులకు అపార్ట్‌మెంట్‌లో మార్గళి నెలలో ప్రైజొచ్చింది. నేనడిగింది నా కొడుకు గురించి. ఇక మా అత్తగారు చెస్ గ్రాండ్‌మాస్టర్ ప్రజ్ఞానంద వాళ్ళమ్మను చూడమంటారు. 2023లో బాకులో జరిగిన చెస్ ప్రపంచ కప్‌లో ఆ అబ్బాయి మన వరంగల్ అర్జున్‌ను ఓడించాక, ఆమె పక్కన నిలబడి నవ్వుతూ కొడుకును చూస్తున్న ఫోటో ఆవిడ ఫోన్లో ఇప్పటికీ ఉంది. "ఆమెకు ఆట రాకపోయినా చారన్నం వండి పెడుతూ దేశాలు తిరగట్లేదా" అంటారు. తిరుగుతోంది అత్తయ్యా, వెంట తీసుకెళ్తున్నారు కాబట్టి! విశ్వనాథన్ ఆనంద్‌కి ఆట నేర్పింది వాళ్ళమ్మే అని నేనంటే మాత్రం టీవీ సౌండ్ పెంచుతారు.

చివరికి ఒక రాత్రి మా ఆయన్నే అడిగేశాను, నాకెందుకు ఏదీ చెప్పరని. "నీకు బోరు కొడుతుందేమోనని" అన్నారు. "బోరు కొట్టిందో లేదో నేను చెప్తాను, మీరు ముందు చెప్పండి" అన్నాను. అప్పుడే ఆఫీసు పని మీద ఆయన హైదరాబాద్ వెళ్ళాల్సొచ్చింది, సరిగ్గా టోర్నమెంట్ శని ఆదివారాలకే. వాడి ఫ్రెండ్ వాళ్ళ నాన్నతో పంపుదామన్నారు. నేను తీసుకెళ్తానన్నాను. ఇద్దరూ మళ్ళీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

టోర్నమెంట్ దగ్గర టేబుల్ ముందు కూర్చున్నాయన వాడి ఫిడే ఐడీ అడిగాడు. నేను తడుముకుంటుంటే "అప్పా వరలియా?" అన్నాడు, నాన్న రాలేదా అని. వెనక లైన్లో అందరూ అప్పాలే. అమ్మనొచ్చాను, చాలదా అన్నాను తమిళంలోనే. వెతికి ఐడీ చెప్పాను, లిస్టులో వాడి పేరులో తప్పు పడిందని చూపించి దిద్దించాను కూడా. మా ఆయన ఎన్నిసార్లు వెళ్ళినా అది చూడలేదు.

బయట వరండాలో అంబత్తూరు నుంచి వచ్చిన ఒకావిడ పరిచయమైంది. "బయటికి రాగానే గెలిచావా అని అడక్కండి. నీళ్ళ సీసా ఇవ్వండి, అంతే" అంది. స్విస్ పద్ధతి కూడా ఆవిడే చెప్పింది: ఓడినవాణ్ణి ఇంటికి పంపరు, తర్వాతి రౌండ్‌లో అన్నే పాయింట్లున్నవాడితో ఆడిస్తారు. మావాడు మూడో రౌండ్ ఓడి, ఎర్రబడ్డ మొహంతో వచ్చాడు. సీసా ఇచ్చాను. సగం తాగి, పులిహోర డబ్బా తీసుకుని, "గెలిచే గేమ్ అమ్మా. పాయసం వండేసుకున్నాను" అన్నాడు. ఇద్దరం నవ్వాం. వాళ్ళ నాన్నకు అప్పుడు ఫోన్ చెయ్యలేదు, రాత్రి చేశాడు.

ఇంతకీ నాలాంటి వాళ్ళకు పనికొచ్చే మాట ఒకటుంది: ఎంట్రీ ఫారంలో మీ ఫోన్ నంబర్ రాయండి. ఎవరితో ఎవరాడాలో చెప్పే పెయిరింగ్‌లు, టైమింగ్‌లు, హాలు మారిందన్న కబురు, అన్నీ ఆ నంబర్‌కే వస్తాయి. వచ్చే నెల తిరువళ్ళూరు టోర్నమెంట్‌కు ఫీజు నేనే కట్టాను, నంబర్ నాదే ఇచ్చాను. నిన్న మా ఆయన "రిపోర్టింగ్ టైమ్ వచ్చిందా?" అని రెండుసార్లు అడిగారు. వచ్చింది. ఇంకా చెప్పలేదు.