కందిరీగ అన్న ఒక్క పేరు కింద ఎన్ని పురుగులు

పోయిన డిసెంబరులో, సంక్రాంతిలోగా ఇంటికి రంగులు వేయించాలని గుంటూరు బ్రాడీపేటలోని మా పాత డాబా ఇంటి వసారా గోడలు గీకిస్తుండగా, పెయింటరు నిచ్చెన సగంలో ఆగిపోయి, "అమ్మా, ఇక్కడ కందిరీగల గూడుంది, నేను చెయ్యి పెట్టలేనమ్మా" అన్నాడు. ద్వారబంధం పైన, గోడ మూలలో గుప్పెడంత మట్టిముద్ద అంటుకుని ఉంది. బియ్యం ఏరుకుంటున్న మా అత్తయ్యగారు తల ఎత్తకుండానే, "దాన్ని కదపకు అమ్మాయ్, ఆ గూడు పెట్టిన ఇంట్లో పిల్లలు పుడతారంటారు" అన్నారు. మా ఇంట్లో ఇప్పుడు పిల్లలు పుట్టే ఈడు పెరట్లో తిరిగే పిల్లికి ఒక్కదానికే ఉంది కాబట్టి ఆ మాటకు ఎవరమూ కదలలేదు గానీ, ముగ్గురం తర్కించుకుంటూ ఉండగానే పట్టీ బ్లేడు తగిలి ఆ ముద్ద ఊడి నేల మీద పడింది. పెయింటరు నిచ్చెన దిగీ దిగకుండానే గేటు దాకా పరుగెత్తాడు. గూట్లోంచి మాత్రం ఒక్క ఈగ కూడా లేచి రాలేదు.

రాలినవి సాలీళ్ళు. ఆ ముద్దలో పక్కపక్కనే ఐదు మట్టిగొట్టాలున్నాయి, ఒక్కొక్కటి నా చిటికెన వేలి రెండు కణుపులంత పొడవు. వాటిలో ఒకటి మాత్రమే పగిలింది, అందులోంచి పదకొండు సాలీళ్ళు బయటపడ్డాయి. కాళ్ళు ముడుచుకుని చచ్చినట్టే కనిపించాయి కానీ, చీపురుపుల్ల కొసతో తాకితే ఒకదాని ముందుకాలు మెల్లగా చాచుకుని మళ్ళీ ముడుచుకుంది. గొట్టం అడుగున ఉన్న సాలీడు పొట్టకు బియ్యపుగింజ కంటే చిన్నదైన, మీగడ రంగు పురుగు ఒకటి అతుక్కుని ఉంది. కాళ్ళూ కళ్ళూ ఏమీ తెలియని ఆ పురుగే కందిరీగ పిల్ల. మిగిలిన నాలుగు గొట్టాలనూ జాగ్రత్తగా తీసి, ఖాళీ ఆవకాయ సీసాలో వేసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి వంటింటి కిటికీలో పెట్టాను.

ఆ గూడు కట్టింది ఒళ్ళంతా నలుపు, కాళ్ళ మీద పసుపు, ఛాతీకీ పొట్టకూ మధ్య దారంలాంటి పొడవాటి నడుమూ ఉన్న ఒంటరి కందిరీగ. పెరటి కుళాయి కింద తడిమట్టి దగ్గర వాలి, తల కిందికి పెట్టి, సన్నగా రొద చేస్తూ మట్టిని ఉండ చేసి మోసుకుపోయేది అదే. దీని శాస్త్రీయ నామం స్కెలిఫ్రాన్ మద్రాస్‌పటానమ్. 1781లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఫాబ్రీషియస్ దీన్ని వర్ణించినప్పుడు మద్రాసు పేరు పెట్టాడు కాబట్టి, ఒక రకంగా ఇది మన పాత ఉమ్మడి రాష్ట్రపు పురుగే. ఇది సాలీడును కుట్టి చంపదు, కదలలేకుండా మాత్రమే చేస్తుంది. చచ్చిన సాలీడు కుళ్ళిపోతుంది, కదలలేని సాలీడు పిల్ల తినేదాకా తాజాగా ఉంటుంది. గుడ్డు పెట్టి, గొట్టం నింపి, మూతి పూడ్చాక తల్లి ఆ గూటికి కావలి కాయదు. అందువల్లనే ముద్ద ఊడిపడినా మా మీదికి ఎవరూ రాలేదు. చేత్తో పట్టి నలిపితే తప్ప ఈ రకం మనిషిని కుట్టదని ఇన్నేళ్ళు చూసి ధైర్యంగా చెప్పగలను.

వేదాంతులు చెప్పే భ్రమరకీట న్యాయం ఈ గూటి దగ్గర పుట్టిందే. భ్రమరం ఒక పురుగును తెచ్చి మట్టిగూట్లో పెట్టి, చుట్టూ తిరుగుతూ రొద చేస్తే, ఆ పురుగు భయంతో భ్రమరాన్నే తలచుకుంటూ చివరికి తానూ భ్రమరమై బయటికి వస్తుందని చెబుతారు. పురుగును తేవడం, రొద చేయడం, కొన్నాళ్ళకు గూట్లోంచి కందిరీగ రావడం అన్నీ కళ్ళారా చూసినవే. మధ్యలో, మూత పడిన గదిలో జరిగింది ఒక్కటే వారికి కనబడలేదు. మారింది తెచ్చిన పురుగు కాదు, దాన్ని తిన్న పిల్ల. ఉపమానం బాగుంది కాబట్టి వేదాంతానికి వచ్చిన నష్టం లేదు గానీ, భ్రమరం అంటే కావ్యాల్లో తుమ్మెద అని చదువుకున్న మనకు మాత్రం చిక్కు అక్కడే మొదలవుతుంది. తుమ్మెద మట్టిగూడు కట్టదు. ఎండిన కర్రకో వెదురుకో నాణెంలా గుండ్రటి కన్నం పెట్టి అందులో కాపురం ఉండే, నీలిమెరుపు రెక్కల నల్లటి పెద్ద తేనెటీగజాతి పురుగే తుమ్మెద. మా మునగచెట్టు పూతకు వచ్చినప్పుడు బరువుగా ఊగుతూ పువ్వు పువ్వుకూ తిరిగేది అదే. మొహానికి ఎదురుగా వచ్చి గాలిలో నిలబడి మనల్ని బెదిరించేది సాధారణంగా మగ తుమ్మెద. కొండి ఆడదానికే ఉంటుంది, ఎందుకంటే ఆ కొండి ఒకప్పటి గుడ్లు పెట్టే అవయవమే. అందువల్ల మగదాని బెదిరింపు ఉత్త బెదిరింపే.

సాలీళ్ళకు బదులు ఆకుపచ్చ గొంగళిపురుగులు దొరికే మట్టిగూడు మరొక జాతిది. అది కూజాలాగా గుండ్రంగా, పైన చిన్న అంచుతో ఉంటుంది. కుమ్మరి సారె మీద తీసినట్టున్న ఆ మూతిని ఒకసారి దగ్గరగా చూస్తే మళ్ళీ పొరబడరు. దాన్ని కట్టే కందిరీగ నారింజ-గోధుమ రంగులో, సన్నటి నడుముతో, పొట్ట బేరిపండు ఆకారంలో ఉంటుంది. ప్లగ్గు రంధ్రాలు, కిటికీ గొళ్ళెపు బెజ్జాలు, వాడని తాళం చెవికన్నం మట్టితో పూడిపోయి ఉంటే అది కూడా ఇలాంటి ఒంటరి కందిరీగ పనే కావచ్చు. ఆ బెజ్జంలో మట్టికి బదులు ఆకుముక్కలు చుట్టిపెట్టి ఉంటే మాత్రం అది ఆకులు కత్తిరించే తేనెటీగ. మా గులాబీ ఆకుల అంచున కత్తెరతో తీసినట్టు గుండ్రటి కోతలు చూసి గొంగళిపురుగులనుకుని రెండేళ్ళు మందు కొట్టాను. ఆ ముక్కలతో అది పిల్లలకు పరుపు కుడుతోందని తెలిశాక సిగ్గేసింది.

ఇంతవరకూ చెప్పినవేవీ గుంపుగా బతికేవి కావు. భయపడవలసింది గుంపు దగ్గరే, ఎందుకంటే అక్కడ కాపాడుకోవడానికి ఉమ్మడి గూడు ఉంటుంది. దాన్ని గుర్తించే పద్ధతి సులువు. గూడు మట్టితో కాక కాగితంతో కట్టి ఉంటుంది. పాత తలుపుల నుంచీ వెదురుబద్దల నుంచీ పీచు గీకి, ఎంగిలితో నమిలి, బూడిదరంగు కాగితంగా పరిచి, ఒక చిన్న కాడతో పైకప్పుకు వేలాడదీస్తాయి. గదుల మూతులు కిందికి తెరుచుకుని ఉంటాయి. ఆ కాడకు చీమలు ఎక్కకుండా తమ ఒంటినుంచి వచ్చే ఒకరకం పూత కూడా పూస్తాయి. ఎగిరేటప్పుడు వెనుక కాళ్ళు కిందికి వేలాడుతూ ఉంటే అవి ఈ కాగితపు గూటివే అనుకోవచ్చు. వీటిలో పసుపుగా, కాస్త పెద్దగా ఉన్నవి ఒక రకం. ఎర్రమట్టి రంగులో చిన్నగా ఉండి, మన దక్షిణాదిన ప్రతి ఊళ్ళోనూ కనిపించేది మరో రకం. రోపాలిడియా మార్జినేటా అనే ఈ చిన్నదాని మీద బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో రాఘవేంద్ర గడగ్కర్ దశాబ్దాల పాటు పరిశోధన చేశారు. గూట్లో రాణి ఎవరినీ కొట్టదు, అరవదు, ఒక మూల సాధువులా కూర్చుంటుంది. ఆ రాణిని తీసేస్తే మాత్రం పనికత్తెల్లో ఒకటి వెంటనే మహా దురుసుగా మారి, కొన్నాళ్ళకు తానే రాణియై మళ్ళీ నెమ్మదిస్తుందని ఆయన బృందం చూపించింది. మా వీధిలోని కొన్ని ఉమ్మడి కుటుంబాలు గుర్తొచ్చాయని ఇక్కడ అంటే బాగుండదు.

ఈ చిన్నవాటితోనే నాకు అసలు పరిచయం జరిగింది. గేటు పక్కన ఉన్న ఉత్తరాల డబ్బాలో ఎవరూ ఉత్తరం వేయని కాలం వచ్చాక, ఒకనాడు కరెంటు బిల్లు కోసం చూడకుండా చెయ్యి పెట్టి, మూడు చోట్ల కుట్టించుకున్నాను. పక్కింటి పిన్నిగారు సున్నం రాశారు, ఎదురింటివారు ఇనుము రుద్దమన్నారు. తగ్గించింది మాత్రం సబ్బునీళ్ళతో కడిగి పెట్టుకున్న మంచుముక్కే. తేనెటీగ కుడితే ముల్లు చర్మంలోనే ఉండిపోతుంది, దాన్ని ఆలస్యం చేయకుండా గీకి తీసేయాలి. కందిరీగ ముల్లు నున్నగా ఉంటుంది కాబట్టి లోపల ఏమీ మిగలదు, అదే కందిరీగ మళ్ళీ మళ్ళీ కుట్టగలదు కూడా. వాపు కుట్టిన చోటే ఉంటే ఓర్చుకోవచ్చు. పెదవులూ గొంతూ వాచి, ఒళ్ళంతా దద్దుర్లు లేచి, ఊపిరి అందకపోతే మాత్రం చిట్కాల జోలికి పోకుండా 108కి ఫోను చేయాలి.

ఉత్తరాల డబ్బానే అవి ఎందుకు ఎంచుకున్నాయో ఆ మరుసటి ఏడాది అర్థమైంది. వంటింటి కిటికీ సన్‌షేడు కింద, బయటికి కనిపించేలా పెట్టిన ఇంకో తుట్టె మీదికి ఒక పెద్ద కందిరీగ వచ్చింది. నల్లటి ఒళ్ళు, పొట్ట మొదట్లో పసుపు-నారింజ పట్టీ, బొటనవేలి గోరును మించిన పొడవు. అది వాలగానే చిన్నవన్నీ తుట్టె వదిలి గోడ మీదికి జరిగి నిలబడ్డాయి, ఒక్కటీ ఎదురు తిరగలేదు. అది తీరిగ్గా గది తరవాత గది తెరిచి పిల్లపురుగులను పీకి నమిలి ఉండ చేసుకుని వెళ్ళింది, మళ్ళీ మళ్ళీ వచ్చింది. వెస్పా ట్రోపికా అనే ఈ జాతికి కాగితపు తుట్టెల్లోని పిల్లలే ముఖ్యాహారం. ఉత్తరాల డబ్బా సందులోంచి చిన్నవి దూరగలవు, ఇది దూరలేదు. పట్టీ పొట్ట మొదట్లో కాక కొస వైపుకు ఉండి, ఒళ్ళు ఇటుక రంగులో, మొహం పసుపుగా ఉంటే అది వేరే పెద్ద కందిరీగ. మే నెల నడి ఎండలోనూ మిఠాయి కొట్టు పాకం పళ్ళేల మీద, మాంసం కొట్ల దగ్గర తిరిగేది ఇదే. ఈ రెండింటి గూటికీ దూరంగా ఉండవలసిందే. నేలబొరియలోనో, గోడ సందులోనో అవి వరసగా వచ్చిపోతుంటే మనం కిరోసిన్ పోయడం, పొగ పెట్టడం చేయకూడదు, తెలిసినవాళ్ళను పిలవాలి. నీళ్ళ ట్యాంకులకూ ఎత్తయిన మేడలకూ వేలాడే పెద్ద తేనెపట్టుకు కూడా ఈ మాటే వర్తిస్తుంది.

ఇక వేషం వేసుకుని తిరిగేవి కొన్ని ఉన్నాయి. వంటింటి చెత్తతో ఎరువు చేసే బకెట్టు చుట్టూ తిరిగే నల్లటి పొడుగు పురుగును చూసి మా పనమ్మాయి బకెట్టు మూత తీయడం మానేసింది. దగ్గరగా చూస్తే దానికి ఉన్నవి రెండే రెక్కలు. కందిరీగకూ తేనెటీగకూ నాలుగుంటాయి. రెండు రెక్కలు అంటే ఈగజాతి, ఈగజాతికి కొండి ఉండదు. దీని పొట్ట మొదట్లో అటూ ఇటూ గాజుకిటికీల్లా పారదర్శకమైన రెండు మచ్చలుంటాయి, పాదాలు తెల్లగా ఉంటాయి. ఈ మధ్య చేపల మేతకూ కోళ్ళ మేతకూ పెంచుతున్న నల్ల సైనిక ఈగ ఇదే. బకెట్లో లుకలుకలాడుతూ చెత్తను నెమరు వేసేవి దాని పిల్లలు. బంతిపువ్వుల మీద గాలిలో కదలకుండా నిలబడే పసుపు చారల చిన్న పురుగు కూడా ఈగే. వాటిలో చాలా రకాల పిల్లలు చిక్కుడు తీగ మీది పేనుబంకను తింటాయి కాబట్టి తోలవలసిన పని లేదు. వానాకాలం రాత్రి ట్యూబులైటుకు కొట్టుకుంటూ పడే, గోధుమరంగు సాసేజీలాంటి పొట్ట ఉన్న పురుగును అందరూ కందిరీగ అంటారు కానీ, అది ఒకరకం మగ రెక్కల చీమ.

స్నానాలగదిలో కనిపించే నల్లటి చిన్నదాన్ని మాత్రం చంపకండి. సాలీడులాంటి పొడుగు కాళ్ళతో, గొడ్డలి ఆకారపు బుల్లి పొట్టను జెండాలా పైకీ కిందికీ ఊపుతూ గోడ మీద నడుస్తుంది. అది మనల్ని కుట్టదు. బొద్దింక పెట్టే గుడ్లసంచిలో తన గుడ్డు పెట్టడం దాని పని. ఒక బొద్దింక సంచిని ఒక పిల్ల ఖాళీ చేస్తుంది. పత్తిని తినే పురుగుల గుడ్లను నాశనం చేయడానికి గుంటూరు రైతులు చేలో వేలాడదీసే ట్రైకోగ్రామా కార్డుల్లో ఉండేవి కూడా ఈ బంధువర్గంలోని, కంటికి ఆననంత చిన్న కందిరీగలే.

కిటికీలోని ఆవకాయ సీసా సంగతి మరిచిపోలేదు. సంక్రాంతి వెళ్ళాక ఒక వారానికి ఒక గొట్టానికి గుండ్రటి కన్నం పడి, పసుపు కాళ్ళ నల్ల కందిరీగ బయటికి వచ్చింది. మూడు రోజుల్లో మరో రెండు వచ్చాయి. గుడ్డ విప్పితే కుళాయి వైపు వెళ్ళిపోయాయి. నాలుగో గొట్టం చాలా రోజులు అలాగే ఉండి, ఫిబ్రవరిలో ఒక పొద్దున తెరుచుకుంది. అందులోంచి వచ్చింది నలుపు కాదు. నెమలికంఠం రంగులో, ఆకుపచ్చా నీలమూ కలిసి మెరుస్తూ, ఒళ్ళంతా సూదితో పొడిచినట్టు గుంటలున్న పురుగు. సీసాను కదిపితే పొట్టను కిందికి మడిచి గోలీకాయలా చుట్టుకుంది. కోకిల కాకిగూట్లో గుడ్డు పెట్టినట్టు, పరాయి కందిరీగల మట్టిగూళ్ళలో గుడ్డు పెట్టిపోయే జాతి అది. దాని పిల్ల లోపలి కందిరీగ పిల్లను తిని పెరుగుతుంది. అత్తయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, "ఇదీ కందిరీగేనా అమ్మాయ్?" అన్నారు. అవునన్నాను. "కుడుతుందా?" అన్నారు. కుట్టదన్నాను. అయితే వదిలెయ్యమని సీసా మూతికి కట్టిన గుడ్డ ఆవిడే విప్పారు.