ఫ్రిజ్‌లో నా కప్పు

పడుకుందామని లైటు ఆర్పి మళ్లీ లేచి వచ్చాను. పదిన్నర దాటింది. హాల్లో పరుపుల మీద పిల్లలు, మధ్యలో అత్తయ్య. కూలరు చప్పుడు తప్ప ఇంకేం లేదు. నా ఎదురుగా టేబులు మీద చిన్న స్టీలు గిన్నె ఉంది. అందులో రెండు చెంచాల క్రీమ్, నాలుగు అనాసపండు ముక్కలు. అదెందుకో తర్వాత చెబుతాను.

ఇవాళ మా ఇంట్లో వేసవి భోజనాలు. 18 మంది అనుకుంటే 23 మంది తేలారు. పోయినేడాది ఐస్‌క్రీమ్ తెప్పిస్తే కరెంటు పోయింది. అందుకే ఈసారి మామిడిపండుతో ఫ్రూట్ క్రీమ్ అని నెల ముందే అనుకున్నాను. హైదరాబాదులో మ్యాంగో మలాయి అంటారే, దాదాపు అదే. పొయ్యి వెలిగించే పని లేదు. మే నెల బెజవాడలో వంటింట్లో నిలబడ్డవాళ్లకి ఆ మాట విలువ తెలుస్తుంది.

నిన్న సాయంత్రం 3 కిలోల బంగినపల్లి ఒక్కొక్కటీ చూసి ఏరి తెచ్చాను. సగం గుజ్జు, సగం ముక్కలు. క్రీమ్ ప్యాకెట్లు ఐదు, అంటే లీటరు. ప్యాకెట్ క్రీములో కొవ్వు 25 శాతమే. ఎంత గిలక్కొట్టినా కేకు మీది క్రీములా నిలబడదు, దానికి కనీసం 30 శాతం పైన ఉండాలి. కానీ రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, ఐసు ముక్కలు పోసిన బేసిన్‌లో గిన్నె పెట్టి కొడితే ముక్కలకి పట్టుకునేంత చిక్కదనం వస్తుంది. నాకు అది చాలు. తీపికి అర టిన్ను కండెన్స్‌డ్ మిల్క్. ఏలకులు వేయలేదు. బంగినపల్లికి దాని వాసన దానికుంది, మధ్యలో ఇంకోటి ఎందుకు?

పండ్లు కూడా ఆలోచించే వేశాను. దానిమ్మ గింజలు, గింజల్లేని నల్లద్రాక్ష, గట్టిగా ఉన్న సపోటాలు. అరటిపండు నల్లబడుతుందని వద్దనుకున్నాను. పుచ్చకాయ నీరు వదిలి క్రీమునంతా పల్చన చేస్తుందని అదీ వద్దనుకున్నాను. పొద్దున పదకొండింటికి రుచి చూశాను. చాలా బాగా కుదిరింది. ఈ ఏడాది నా చేత్తో చేసినవాటిలో ఇంత బాగా కుదిరింది ఇంకోటి లేదు. ఆ ఒక్క చెంచా సంతోషం అక్కడికి సరి.

ఒంటిగంటన్నరకి నేను వడియాలు వేయిస్తున్నాను. వదిన వంటింట్లోకి వచ్చి, "అమ్మాయ్, మనుషులు ఎక్కువయ్యారు కదా, సరిపోదేమోనని నేను తెచ్చిన అనాసపండు కలిపేశాను. నువ్వు వడియాలు చూసుకో" అంది. వెనక్కి తిరిగి చూస్తే ఆవిడ చేతిలో దాదాపు ఖాళీ అయిన డబ్బా ఉంది. అప్పటికే కలిపేసింది. కప్పుల్లోకి తీయడం కూడా మొదలైంది. నూనె కాగుతోంది, పప్పు గిన్నె కోసం ఎవరో పిలుస్తున్నారు. సరే వదినా అన్నాను. ఇంకేం అనను? ఇంటికి పెద్ద ఆడపడుచు.

నా వంతు కప్పు మా చిన్నది మూతపెట్టి ఫ్రిజ్‌లో దాచింది. వదినవాళ్లు అయిదింటికి ఏలూరు బయల్దేరారు. అంట్లు, నేల తుడవడం, మంచాలు లోపల వేయడం అన్నీ అయ్యాక ఎనిమిదింటికి కూర్చుని మొదటి చెంచా నోట్లో పెట్టుకున్నాను. చేదు. ఏదో కాస్త వగరు కాదు, మాత్ర నాలుక మీద కరిగినట్టు చేదు. క్రీమ్ కూడా పల్చగా, విరిగినట్టు అయిపోయింది. రెండో చెంచా తిని చూశాను, అదే. కప్పు పక్కన పెట్టేశాను.

నాకు కోపం వచ్చింది అనాసపండు మీద కాదు. ఒక్క మాట అడగకుండా కలపడం మీద వచ్చింది. నెల నుంచి అనుకుని, ఏ పండు వేయాలో ఏది వద్దో లెక్క చూసుకున్న మనిషి పక్కనే ఉంది. "వేయనా?" అని అడగడానికి ఎంతసేపు పడుతుంది? సాయం అంటే ఇంకొకరి గిన్నెలో చెయ్యి పెట్టడం కాదు. ఇంకొకటి, అదే అసలు గుచ్చుకున్నది. 23 మంది తిన్నారు. ఒక్కరూ చేదుగా ఉందని చెప్పలేదు. "బాగుంది బాగుంది" అన్నారు. వదిన కొడుకు రెండోసారి వేయించుకున్నాడు కూడా. నా ముఖం చూసి మొహమాటానికి మింగారా అందరూ? నేను అంత మాట పడలేని మనిషిలా కనిపిస్తున్నానా?

ఆ కోపంలోనే ఎనిమిదీ ఇరవైకి వదినకి మెసేజ్ పెట్టాను. "అనాసపండు వేసేముందు ఒక్క మాట అడిగి ఉండాల్సింది వదినా. అంతా చేదెక్కిపోయింది. తిన్నవాళ్లు కూడా ఎవరూ చెప్పలేదు." రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు.

జవాబు రాకపోతే నాకు నిద్ర పట్టదు. పడుకుని పెద్దమ్మ గుర్తొచ్చింది.

1993 వేసవి. నూజివీడులో పెద్దమ్మ వాళ్లింట్లో పిల్లలం తొమ్మిది మందిమి. ఆ ఏడే ఫ్రిజ్ కొన్నారు, పక్కన స్టెబిలైజరు. లో వోల్టేజికి అది మూలుగుతుంటే మేం చుట్టూ చేరి వినేవాళ్లం. పెద్దమ్మ గుడ్డు ముట్టదు, గుడ్డు వేసిందని కేకు కూడా తినేది కాదు. ఎవరో ఆవిడకి కస్టర్డ్ పౌడరు డబ్బా ఇచ్చి, దీంట్లో గుడ్డు ఉండదు, మొక్కజొన్న పిండే అని చెప్పారు. 1837లో ఇంగ్లండులో, బర్మింగ్‌హామ్ ఊళ్లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే మందుల షాపాయన గుడ్డు పడని భార్య కోసమే ఆ పొడి కనిపెట్టాడని చాలా ఏళ్ల తర్వాత చదివాను. చదవగానే పెద్దమ్మే గుర్తొచ్చింది.

ఆ రోజు పెదనాన్న అరుగు మీద కూర్చుని చిన్న రసాలు పిండారు. రసాలు కోయడానికి పనికిరావు కదా, పీచు. చేతులనిండా రసం, చుట్టూ ఈగలు, టెంకలు చీకడానికి మేము. పెద్దమ్మ పాలు కాచి కస్టర్డ్ కలిపి చల్లార్చి, ఆ రసం పోసి, ద్రాక్ష, అరటిపండు వేసింది. ఫ్రూట్ సలాడ్ అంటే అప్పటికి పెళ్లిళ్లలో మాత్రమే చూసిన వస్తువు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిమిషానికోసారి ఫ్రిజ్ తలుపు తీసి తిట్లు తిన్నాం. సాయంత్రం గాజు కప్పుల్లో ఇచ్చింది. ఆ కప్పుల మీద ఎర్ర పువ్వులు.

అడుగంటింది. పాలు కాచేటప్పుడు వీధి గుమ్మంలోకి ఎవరో పిలిస్తే వెళ్లిందట. మాడు వాసన. తొమ్మిది మందిలో నేనే అన్నాను, "పెద్దమ్మా, మాడు కంపు" అని. నాకు అప్పుడు తొమ్మిదేళ్లు. నేను అనగానే మిగతావాళ్లు కూడా కప్పులు కింద పెట్టేశారు. పెద్దమ్మ ఏమీ అనలేదు. అన్ని కప్పులూ వెనక్కి తీసుకుని కుడితి తొట్టిలో ఒంపేసింది. ఆ తర్వాత ఎన్ని వేసవులు వెళ్లామో, మళ్లీ ఎప్పుడూ ఫ్రూట్ సలాడ్ చేయలేదు. అడిగితే, "నాకు కుదరదే అది" అనేది. పెద్దమ్మ పోయి ఆరేళ్లయింది.

అది గుర్తొచ్చాక, చేదుని మింగి ఊరుకున్నవాళ్ల మీద కోపం ఎందుకని అనిపించింది. వాళ్లకి ఆ మంచితనం ఉంది, ఆ రోజు నాకు లేదు. ఇక్కడిదాకా ఆలోచించి, సరే ఇక నిద్రపోదామనుకున్నాను. కానీ పిల్లల సంగతి అడ్డొచ్చింది. పెద్దవాళ్లు మొహమాటపడతారు. పిల్లలు పడరు. నేనే సాక్ష్యం. మరి వదిన కొడుకు రెండోసారి ఎందుకు వేయించుకున్నాడు?

అప్పుడు పై ఇంటి మలయాళీ ఆవిడ గుర్తొచ్చింది. ఓణం రోజున అనాసపండు పచ్చడి ఇచ్చినప్పుడు, ముక్కలు ఉడికించాకే పెరుగు కలపాలి, పచ్చివి కలిపితే చేదొస్తుందని చెప్పింది. పచ్చి అనాసపండులో బ్రొమెలెయిన్ అని ఎంజైమ్ ఉంటుంది. అది పాలలోని ప్రొటీన్లని ముక్కలు చేస్తుంది, ఆ ముక్కలే చేదు. ఉడికిస్తే దాని బలం పోతుంది. టిన్నులో వచ్చే అనాసపండు వేడి మీద చేసిందే కాబట్టి దానితో ఈ బాధ లేదు. జెలటిన్‌తో చేసే జెల్లీ కూడా పచ్చి అనాసపండుతో గడ్డకట్టదు, కారణం ఇదే. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ ఒకటి ఆలోచించలేదు. ఆ పనికి దానికి కొంత సమయం కావాలి.

అందుకే ఈ స్టీలు గిన్నె. ప్యాకెట్ అడుగున మిగిలిన క్రీములో, వదిన డబ్బాలో మిగిలిన నాలుగు ముక్కలు వేశాను. వేయగానే ఒక చెంచా తిన్నాను. తియ్యగా, కొంచెం పుల్లగా, ఎంత బాగుందో. అప్పుడు మొదలుపెట్టి ఇప్పటిదాకా రాస్తున్నాను.

పదకొండూ పాతిక. ఇప్పుడు మళ్లీ చూశాను. చేదు మొదలైంది. సాయంత్రమంత లేదు కానీ నాలుక చివర్న తెలుస్తోంది.

అంటే వాళ్లు కలపగానే తిన్నారు. వాళ్లకి బాగానే ఉంది. "బాగుంది" అన్నది అబద్ధం కాదు, మొహమాటమూ కాదు. చేదెక్కింది ఆరున్నర గంటలు ఫ్రిజ్‌లో కూర్చున్న నా కప్పు ఒక్కటే. వదిన ఆ ముక్కలు కలపకపోతే చివరి అయిదుగురికి కప్పు వచ్చేది కాదు. లీటరు క్రీమ్ 18 మందికి లెక్క చూసిందే. ఏలూరులో పొద్దున్నే లేచి పండు కోసి, డబ్బాలో పెట్టుకుని బస్సులో వచ్చింది ఆవిడ.

అడిగి ఉండాల్సిందనే మాట మీద నేను ఇప్పటికీ ఉన్నాను. అది మారలేదు. కానీ "అంతా చేదెక్కిపోయింది" అని రాశాను చూడండి, అది నిజం కాదు. ఆవిడ ఇప్పుడు అందరికీ చేదు తినిపించానని బాధపడుతూ పడుకుని ఉంటుంది. మళ్లీ మెసేజ్ టైపు చేసి రెండుసార్లు చెరిపేశాను. ఇది రాసి పంపే విషయం కాదు, పొద్దున ఫోన్ చేయాలి. కప్పు సంగతి, టైము సంగతి అన్నీ నోటితోనే చెప్పాలి.

ఫ్రిజ్ కింది అరలో ఆవిడ తెచ్చిన ఇంకో సగం కాయ ఉంది. దాన్ని కోసి పంచదార వేసి చిన్న మంట మీద ఉడికించాను. మా ఆయన రేపు ఏలూరు వైపే వెళ్తున్నారు. వదిన డబ్బా కడిగి తుడిచాను, ఖాళీగా పంపకూడదు కదా. ముక్కలు ఇంకా పొగలు కక్కుతున్నాయి, ఇప్పుడే మూత పెడితే చెమ్మ పడుతుంది. చల్లారేదాకా కూర్చోవాలి.